నమిలాడా, దెబ్బ తగిలిందా?

మీకు ముఖపరిచయం కూడా లేని ఒక ఆటగాడు వచ్చే శనివారం ఆడవచ్చా, కూడదా అని ఎవరైనా మిమ్మల్ని అడిగారనుకోండి. మీరు అతని తల వైపు చూసి చెబుతారా, అతని కష్టం వైపు చూసి చెబుతారా? తొందరపడకండి. "తల వైపే" అని గట్టిగా చెప్పినవాళ్లు కూడా, ఆ మనిషి తెర మీదకి వచ్చేసరికి కష్టం వైపు చూడటం నేను చూశాను. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. చాలా మంచివాళ్లు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా ఆఫీసు సింగపూర్‌లో, పాయా లేబర్ పేటలో ఉంది. చిన్న కంపెనీ. ఆస్ట్రేలియాలో జీతానికి రగ్బీ యూనియన్ ఆడే కొన్ని జట్ల పని మాకు వస్తుంది. ఆ ఆటగాళ్లు పళ్ల మీద రబ్బరు గార్డు పెట్టుకుంటారు. అందులో గోరంత చిప్ ఉంటుంది. తల ఎంత హఠాత్తుగా కదిలిందో అది కొలుస్తుంది. కదలిక హద్దు దాటితే మాకు కబురు వస్తుంది. అయితే ఆ చిప్‌కు బుద్ధి లేదు. ఆటగాడు ఊరికే గార్డును నమిలినా, నోట్లోంచి లాగి నేలమీదకి విసిరినా అది దెబ్బ అనే అనుకుంటుంది. అందుకే ప్రతి కబురుకూ వీడియో చూసి, అది నిజంగా దెబ్బేనా, నమలడమా అని మనుషులు తేల్చాలి. దెబ్బ అని తేలితే ఆ ఆటగాడు డాక్టరు సరేననేదాకా ఆడకూడదు. నమిలాడని తేలితే ఏమీ లేదు, మామూలుగా ఆడుకోవచ్చు.

తేల్చే పద్ధతి సులువైనదే. ఒక్కో వీడియోను ఇద్దరు విడివిడిగా చూస్తారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఇద్దరి జవాబూ ఒకటైతే అదే తీర్పు. తేడా వస్తే మూడో మనిషి చూస్తాడు.

ఆ మూడో మనిషి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ ఆయన. మా ఆఫీసులో రగ్బీ ఆడినవాడు ఆయనొక్కడే. తలుపులో నిలబడితే వెనక వెలుతురు కనిపించదు. గొంతు మాత్రం చాలా మెత్తన. వీడియోలు చూసే జంటల్లో ఒక జంట మనవాళ్లే. ఒకతను సిద్దిపేట కుర్రాడు. ఊళ్లో కబడ్డీ ఆడేవాడు. రగ్బీ మొదటిసారి చూసి, "అక్కా, గిది కూత లేని కబడ్డీ, గంతే" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. రెండో ఆవిడ రాజమండ్రి దగ్గర నుంచి వచ్చింది. అతను ఆవిణ్ని గోదారక్క అంటాడు. వాళ్ల పని సరిగా ఉందో లేదో చూడటం నా పని.

కొన్నాళ్లకు మా పై అధికారిణి నన్ను పిలిచింది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగిన చైనా ఆవిడ. బల్ల మీద కుయే పెట్టె ఉంది, రంగురంగుల కొబ్బరి మిఠాయిలు.

"నీ వాళ్లిద్దరూ సూపర్ లా," అంది. "మిగతా జంటలు ఎప్పుడూ తేడా. వీళ్లు ఒక్కసారి కూడా కొట్టుకోరు. ఎలా చేస్తున్నారో చూసి అందరికీ నేర్పు, కెన్? సరేనా?"

మిఠాయి తీసుకున్నాను గాని నాకు మింగుడుపడలేదు. గుంటూరులో చదువుకునే రోజుల్లో నేను ఒక చర్చా బృందానికి వెళ్లేదాన్ని. అక్కడ చీటీ తీసి, ఏ పక్షం వస్తే ఆ పక్షం వాదించాలి. దేవుడు లేడనేవాడికి ఉన్నాడనే చీటీ వచ్చినా కిందామీదా పడి వాదించాల్సిందే. మా గురువుగారు ఆ గదిలో ఒక్కదానికే కోప్పడేవారు, అందరం ఒకేసారి తల ఊపితే. "ఒక్కరే ఆలోచించారు, మిగతావాళ్లు తలలు అద్దెకిచ్చారు" అనేవారు. ఇద్దరు మనుషులు నెలల తరబడి ఒక్కసారి కూడా విభేదించలేదంటే, నాకది పొగడదగ్గ విషయంగా తోచలేదు.

ఈ కథలో అసలు మనిషి గురించి ఇక్కడే చెప్పాలి. అతను ఒక ఆస్ట్రేలియా జట్టులో ముందు వరస ఆటగాడు. ఆ వరసవాళ్లు తలలు వంచి, భుజాలు కలిపి, ఎదుటి జట్టును ఎద్దుల్లా నెడతారు. అతని పెద్దవాళ్లు పసిఫిక్ దీవుల నుంచి వలస వచ్చినవాళ్లట. మా వాళ్లిద్దరూ అతన్ని వారం వారం చూసి చూసి ఇష్టం పెంచుకున్నారు. కుర్రాడు అతనికి 'పెద్దన్న' అని పేరు పెట్టాడు. ఆట అయిపోగానే పెద్దన్న తన చిన్న కూతురిని మెడ మీద ఎక్కించుకుని మైదానం చుట్టూ తిరిగేవాడు. గోదారక్క వీడియోలో ఆ ముక్కను పనితో సంబంధం లేకపోయినా చూసేది.

ఆ జట్టును ఆ ఏడాది చివర మూసేస్తున్నారన్న సంగతి మాకు బ్రిస్బేన్ ఆయన వల్లే తెలిసింది. మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో, ఆ తిండి అంగళ్ల చావడిలో, టిష్యూ ప్యాకెట్ పడేసి బల్ల చోప్ చేసి, అంటే ఇది మాదని పట్టుకుని, మేం నలుగురం తింటున్నాం.

"మీ ఆటకు ఏమొచ్చింది అసలు?" అని అడిగాను.

"ఏ జబ్బు ముందు చెప్పమంటావు?" అని నవ్వారాయన. "మా దేశంలో రగ్బీ పేరుతోనే రెండు ఆటలున్నాయి. పదమూడు మందితో ఆడే లీగ్‌కు వీధుల్లో జనం ఉన్నారు, టీవీ డబ్బుంది. పదిహేను మందితో ఆడే మాది ఫీజులు కట్టే పెద్ద బడుల్లో పెరిగింది. ఆ గోడలు దాటి రావడానికి మాకు తీరిక దొరకలేదు. మంచి కుర్రాడు ఒకడు తేలితే లీగ్‌వాళ్లు ఎత్తుకుపోతారు. మిగిలినవాడిని జపాన్, ఫ్రాన్స్ తీసుకుపోతాయి. ఆటలేమో డబ్బులు కడితేనే కనబడే చానెల్‌లో పెట్టుకున్నాం. ఎవరూ చూడటం లేదని ఏడుస్తున్నాం."

"మరి పైన కూర్చున్నవాళ్లకు తెలియదా?"

"తెలుసు. కానీ మీటింగుల్లో అందరివీ ఒకే రకం బడులు, ఒకే రకం టైలు. ఒకరు బాగుందంటే అందరికీ బాగుంటుంది. కాదన్నవాడిని మర్యాద తెలియనివాడు అంటారు. ఇప్పుడీ జట్టు పోతోంది. కుర్రాళ్లను కూర్చోబెట్టి చెప్పేశారు, వచ్చే ఏడాదికి మీ దారి మీరు చూసుకోండని."

నాకు మన ఊళ్లు గుర్తొచ్చాయి. బావికి తాళం వేసుకున్న పెద్దమనుషులు నీళ్లు తాగేవాళ్లు తగ్గిపోయారని ఎప్పుడూ దిగులు పడలేదు. వీళ్లు తాళం వేసుకుని, దిగులు కూడా పడుతున్నారు. బడి గోడల బయట పుట్టినవాళ్ల భుజాల మీద ఆట నడుస్తుంది. నిర్ణయాలు మాత్రం గోడ లోపల జరుగుతాయి. ఈ ఏర్పాటుకు సంప్రదాయం అని పేరు. ఎక్కడైనా అదే పేరు.

కుర్రాడు మాత్రం ఒకటే అడిగాడు. "అంటే పెద్దన్నకు పని లేనట్టేనా అక్కా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. బ్రిస్బేన్ ఆయన చెంచా పక్కన పెట్టారు. "ఇంకొన్ని ఆటలున్నాయి. జపాన్ నుంచి చూసేవాళ్లు వస్తారు. ఆ ఆటల్లో కనబడితే పని ఉంటుంది. కనబడకపోతే ఎవరికీ గుర్తుండడు."

తర్వాత ఆయనే, ఎవరూ అడగకుండా, ఇంకో మాట చెప్పారు. "నేను ఆడిన ఆఖరి ఆట నాకు గుర్తు లేదు. వీడియో చూసి తెలుసుకున్నాను, మేం గెలిచామని."

ఆయన లేచి అందరికీ చెరుకు రసం తెచ్చారు.

ఇక ఆ సోమవారం. అధికారిణి చెప్పినట్టు వాళ్ల పద్ధతి నేర్చుకుందామని వాళ్ల వెనక బల్ల దగ్గర కూర్చున్నాను. శనివారం ఆటల వీడియోలు మొదలయ్యాయి. ఇద్దరి మధ్యా నిలువెత్తు అడ్డుపలక ఉంది. ఒకరి తెర ఒకరికి కనబడదు. కంపెనీ అంతవరకు జాగ్రత్త పడింది.

"గోదారక్కా, నువ్వేం పెట్టినవ్?" అన్నాడు కుర్రాడు, పలక మీద నుంచి మామూలు గొంతుతో.

"ఇంకా పెట్టలేదయ్యా. నువ్వు చెప్పు."

"నాకైతే దెబ్బ లెక్కనే కొడ్తుంది."

"అవునా? నాకు నమిలినట్టుందే."

"సరే తియ్, నమిలిండనే పెడ్తా. దీనికి లొల్లెందుకు?"

"అయ్యబాబోయ్, నాకోసం మార్చేసుకోకు. పోనీ నేనే దెబ్బని పెట్టేస్తాలే."

"వద్దక్కా, పెద్దదానివి. నీ మాటే ఉండనీ."

ఆఖరి గారెను నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అన్నట్టుంది వాళ్ల వరస. చుట్టూ అందరూ వింటూనే ఉన్నారు. తెలుగులో పిచ్చాపాటీ అనుకున్నారు. రహస్యంగా చేయాలన్న ఆలోచన కూడా వాళ్లకు లేదు. అందుకే నెలల తరబడి ఎవరికీ దొరకలేదు. నాకు నవ్వొచ్చింది. లేచి చెప్పబోయాను. ఈలోగా కుర్రాడి గొంతు మారిపోయింది.

"అక్కా, పెద్దన్నది వచ్చింది."

నేను అతని తెర చూశాను. ఆట చివరి నిమిషం. పెద్దన్న వంగి ఎదుటివాణ్ని పట్టబోయాడు. ఎదుటివాడి తుంటి ఎముక అతని కణతకు తగిలింది. ఇద్దరూ పడ్డారు. పెద్దన్న లేచి వెళ్లి ఒక వరసలో నిలబడ్డాడు. అంతలో ఈల వేశారు, ఆట ముగిసింది. ఆట మధ్యలో అయితే మైదానం పక్కనున్న డాక్టరు ఆపి చూసేవాడు. ముగిసిపోయింది కాబట్టి తేల్చాల్సింది మేమే.

"ఇంక రెండే ఆటలున్నయ్ అక్కా. ఇప్పుడు కూసోబెడితే జపానోళ్లు ఎవల్ని చూస్తరు?"

"చంటిపిల్ల కూడా ఉంది పాపం," అంది గోదారక్క. "దవడ కదులుతోంది చూడు. నమిలాడంతే."

"నమిలిండు. పెట్టేసెయ్."

"పెట్టేస్తున్నా."

"ఆగండి," అన్నాను.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. కుర్రాడు నవ్వబోయి, నా ముఖం చూసి మానేశాడు.

"నిజంగా నమిలాడా?"

"అక్కా, గాయ్న బతుకు గదా ఇది..."

"నేను బతుకు గురించి అడగలేదు. నమిలాడా అని అడిగాను."

గోదారక్క కుర్చీ నా వైపు తిప్పింది. "మేడమ్, మేం మాట్లాడుకుని చేస్తున్నాం. ఒకళ్లకి తోచనిది ఇంకొకళ్లకి తోస్తుంది కదండీ. చర్చించుకుంటే తప్పేంటండీ? మీరే అస్తమానూ చర్చ, చర్చ అంటారు."

"చర్చ తర్వాత. ముందు ఎవరి జవాబు వాళ్లు రాయాలి. ఇప్పటిదాకా మీరు చేసింది చర్చ కాదు, మర్యాద."

"అంటే గొడవ పడమంటారా?"

మనకు చిన్నప్పటి నుంచీ నేర్పింది అదే కదా. వేరే మాట చెబితే గొడవ. పెద్దవాళ్ల మాట కాదంటే పొగరు. నలుగురిలో ఒంటరిగా నిలబడితే అతితెలివి. ఇంత మంచితనంతో పెరిగిన ఇద్దరిని తెచ్చి, ఒకరి తలకు దెబ్బ తగిలిందో లేదో విడివిడిగా చెప్పమంటే, వాళ్లు ఒకరినొకరు నొప్పించకుండా చెప్పారు. ఆ తల ఎవరిదో వేరే దేశంలో ఉంది.

"గొడవ కాదు. ఇద్దరూ వేరే వేరే గదుల్లో కూర్చోండి. చూడండి, రాయండి. మీరేం రాసినా నేను అడగను."

కుర్రాడిని మీటింగ్ గదిలోకి, ఆవిణ్ని టీ పెట్టుకునే గదిలోకి పంపాను. బయట రైలు వెళుతోంది, కింద రోడ్డు మీద వాన మొదలైంది. చాలాసేపటికి కుర్రాడు ముందు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అడగను అన్నాను గాని అతనే చెప్పాడు.

"దెబ్బ."

"సరే."

"లేచినంక ఏం చేసిండో చూసినవా? ఎదుటోళ్ల లైన్ల వొయ్యి నిలవడ్డడు. దోస్తు వచ్చి అంగి పట్టి గుంజుకపోయిండు. నేను కబడ్డీ ఆడిన అక్కా. ఊపిరి అందకున్నా, కాలు విరిగినా, ఎవ్వడు గూడ తన దిక్కు ఏదో మర్చిపోడు. పెద్దన్న మర్చిపోయిండు."

గోదారక్క వచ్చింది. ఆవిడ నమిలాడనే రాసింది. జాలితో కాదు. దెబ్బకు ముందే దవడ కదిలిందని, చిప్ మోగింది అప్పుడేనని, తర్వాత లైను తప్పడం అలసట కావచ్చని తన కారణాలు వరసగా చెప్పింది. అవి కొట్టిపారేయదగ్గ కారణాలు కావు. ఆ ఇద్దరూ అన్ని నెలల్లో మొదటిసారి విభేదించారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

మూడో మనిషి దగ్గరికి వెళ్లాను. బ్రిస్బేన్ ఆయన తెర మీద పెద్దన్నను చూడగానే ఆపేశారు.

"ఇది నేను చూడకూడదు. ఆడే రోజుల్లో ఇతనితో ఒకే జట్టు బెంచీ మీద కూర్చున్నాను. నాకు ఇష్టం."

"మరి ఎవరు చూడాలి? మాకు ఆట తెలియదు."

"అక్కడ ఆట తెలిసినవాళ్లందరూ ఒకరికొకరు తెలుసు. అందుకే కదా ఇది సింగపూర్ దాకా వచ్చింది. మీకు తెలియకపోవడమే మీ అర్హత." కుర్చీ జరిపి నన్ను కూర్చోమన్నారు. తను బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

నేను చూశాను. దవడ కదిలిన మాట నిజం. చిప్ కొంచెం ముందుగా మోగిన మాట కూడా నిజమే. కానీ తుంటి తగిలినప్పుడు మెడ ఒక్కసారిగా వాలిపోయింది. పడుతున్న మనిషి చేతులు నేలను వెతుక్కుంటాయి. అతని చేతులు వెతుక్కోలేదు. నాకు అతని కూతురు గుర్తొచ్చింది. ఆ పిల్లను పక్కన పెట్టడం నాకు చేతకాలేదు. చివరికి నేనే ప్రశ్న తిరగేశాను. ఆ పిల్లకు కావాల్సింది జపాన్‌లో ఆడే నాన్నా, రేపు తన పేరు గుర్తున్న నాన్నా? ఈ ప్రశ్న కూడా తీర్పుకు అనవసరమే. అది పక్కకు నెట్టి, మళ్లీ మెడ చూసి, దెబ్బ అని రాశాను.

పెద్దన్న మిగిలిన రెండు ఆటలూ ఆడలేదు. చివరి ఆటలో కెమెరా ఒకసారి అతని మీద నిలిచింది. మామూలు బట్టల్లో, మైదానం పక్కన, జట్టువాళ్లకు నీళ్ల సీసాలు అందిస్తున్నాడు. ఆ తర్వాత జట్టు లేదు. మరుసటి ఏడాది కుర్రాడు జపాన్ జట్లన్నీ వెతికాడు, ఫ్రాన్స్ వెతికాడు. ఎక్కడా కనబడలేదు. బ్రిస్బేన్ ఆయన అడిగి చూస్తానన్నారు. ఆయనా ఏమీ చెప్పలేదు.

ఒకరోజు రైలులో యీషున్ స్టేషను దాకా నాతో వస్తూ కుర్రాడు అన్నాడు. "నువ్వు రాసింది తప్పు గాదు. నేను గూడ గదే రాసిన. కానీ మనమే గాయ్న అన్నం గుంజుకున్నట్టు ఉన్నది."

"మనం గుంజుకోలేదు," అన్నాను.

"మరి ఎవలు?"

అంతలో యీషున్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు చెబుతాను. తలకు దెబ్బ తగిలిన మనిషి రెండు వారాలు కూర్చోవడం కష్టం కాదు. కూర్చుంటే బతుకు పోయేలా ఏర్పాటు చేయడం అన్యాయం. "మా ఆటలో తలే ముఖ్యం" అని ఆట నడిపేవాళ్లు తెర మీద రాసుకుంటారు. కానీ మూసేసే జట్టు ఆటగాడిని, చివరి రెండు ఆటల్లో కనబడితేనే పని అన్న చోట నిలబెడతారు. అప్పుడతను దెబ్బ దాచక ఏం చేస్తాడు? దాచినవాణ్ని గట్టివాడంటారు. ఈ గట్టితనం పచ్చి మూఢనమ్మకం. మెదడు గట్టితనాన్ని ఎరగదు. పుర్రె లోపల అందరిదీ ఒకే మెత్తన. ఎముక విరిగితే కట్టు కట్టే డాక్టరును నమ్మేవాళ్లు, మెదడు కదిలితే మాత్రం మనోధైర్యాన్ని నమ్ముతారు. డబ్బు లేక, జనం లేక, ఉన్నవాళ్లు వెళ్లిపోయి ఆ ఆట బాధపడుతోంది. అయినా తన మనుషుల తలలను కాపాడుకోలేని ఆటకు రేపు ఏ తల్లి తన పిల్లవాణ్ని పంపుతుంది? డబ్బు సంగతి ఆ తర్వాత.

గోదారక్క ఇప్పటికీ నాతో, "నాకు నమిలినట్టేనండీ" అంటుంది. అనాలి. ఆ జంట ఇప్పుడు తరచుగా విభేదిస్తుంది. మధ్యాహ్నం మాత్రం ఒకే బల్ల దగ్గర ఒకే చేపల పులుసు పంచుకుంటారు. అధికారిణికి మాత్రం అది ఇంకా మింగుడుపడలేదు. కుయే పెట్టె మళ్లీ రాలేదు.

మీ పిల్లలు రగ్బీ ఆడకపోవచ్చు. ఫుట్‌బాల్ ఆడతారు, తైక్వాండో నేర్చుకుంటారు, ఆదివారం మన తెలుగు సంఘం పెట్టే కబడ్డీలో దిగుతారు. ఈ వారమే అక్కడికి వెళ్లండి. తలకు దెబ్బ తగిలితే ఆటలోంచి బయటికి పంపే అధికారం ఎవరిదో కోచ్‌ను అడగండి. ఆ మనిషికి గెలుపుతో సంబంధం ఉంటే, మార్చమనండి. బయటికి వచ్చిన పిల్లకు, పిల్లవాడికి జట్టులో చోటు అలాగే ఉంటుందని మాట తీసుకోండి. పక్క తల్లిదండ్రులు ఏమనుకుంటారో అని వాళ్ల ముఖాలు చూడకండి. ఒంటరిగా అడగండి. ఆ రెండు మాటలూ వచ్చేదాకా మీ పిల్లలను మైదానంలోకి దింపకండి.